మూట యూరియాలో మొక్క వాటా ఎంత?



యూరియా మూట 45 కిలోలు. ధర 266 రూపాయల 50 పైసలు. అందులో నత్రజని నూటికి 46 పాళ్లు, అంటే మూట మొత్తం మీద ఇంచుమించు 20 కిలోల 700 గ్రాములు. ప్రొద్దుటూరు అంగట్లో మూట కొని, ఆటోలో వేసుకుని పోయి, కె.సి. కాలువ కింద నీళ్లు నిలిచిన వరి మడిలో చల్లామనుకుందాం. ఈ 20 కిలోల నత్రజనిలో పైరుకు దక్కేది ఎంత? పదింట మూడు పాళ్లు. బాగా చూసుకునే రైతు మడిలో నాలుగు పాళ్లు. అంటే ఆరు నుంచి ఎనిమిది కిలోలు. మిగతాది కొంత గాలికి, కొంత నీటికి, కొంత మట్టికి.

2025 ఖరీఫ్‌లో ఇదే మూట కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రైతులు తెల్లవారక ముందే వరుసలు కట్టారు. కొన్నిచోట్ల చెప్పులు, ఆధార్ జిరాక్సులు వరుసలో పెట్టి మనుషులు చెట్టు నీడకు చేరారు. అంత పడిగాపులు కాసి తెచ్చుకున్న సరుకులో సగానికి పైగా పైరు ముట్టనే లేదంటే ఎవరికైనా కడుపు మండుతుంది.

ఎరువు వేసే తీరు మార్చుకోమని వ్యవసాయాధికారులు ఎప్పటినుంచో చెబుతున్నారు. శాస్త్రవేత్తలు కొందరు ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. ఎరువు సంగతి అలా ఉంచి, ఆ నత్రజనిని బాగా పట్టుకునేలా మొక్క జన్యువులనే మారిస్తే ఎలా ఉంటుందని ముప్పై ఏళ్లుగా తంటాలు పడుతున్నారు. ఆ పని ఎంతదాకా వచ్చింది, అందులో మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల రైతులకు ఒరిగేది ఏమిటి అన్నదే ఈ పూట మాట. మూడు ఊళ్లూ ఒకే జిల్లాలో ఉన్నా నేలలు వేరు, నీళ్లు వేరు, పంటలు వేరు. కాబట్టి మూడింటికీ కలిపి ఒకే జవాబు చెబితే అది అబద్ధమవుతుంది.

ముందు వరి మడిలోకి దిగుదాం. యూరియాను ఉన్నదున్నట్టు మొక్క పెద్దగా తీసుకోదు. మట్టిలో ఉండే యూరియేజ్ అనే ఎంజైము దాన్ని రెండు మూడు రోజుల్లో అమ్మోనియాగా విడగొడుతుంది. మన వైపు నేలల్లో చాలావాటికి క్షార గుణం ఉంది. దానికి తోడు నిలవ నీళ్లలో పాచి పట్టిందంటే, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ పాచి నీటిలోని బొగ్గుపులుసు వాయువునంతా పీల్చేసుకుంటుంది. నీటి ఉదజని సూచిక తొమ్మిది దాకా ఎగబాకుతుంది. అప్పుడు అమ్మోనియా నీళ్లలో నిలవదు, గాలిలో కలిసిపోతుంది. గట్టు మీద నిలబడి చూస్తే మడి పచ్చగా, నీళ్లు నిండుగా కనిపిస్తాయి. డబ్బులు మాత్రం పైకి పోతుంటాయి.

ఇంకో నష్టం వంతు నీళ్లతో వస్తుంది. కాలువ నీళ్లు వారం వచ్చి వారం రాకపోతే మడి ఆరుతుంది. ఆరిన మట్టిలో నైట్రోసోమోనాస్ లాంటి సూక్ష్మజీవులు అమ్మోనియాను మొదట నైట్రైటుగా మారుస్తాయి, వేరే జాతి సూక్ష్మజీవులు దాన్ని నైట్రేటు చేస్తాయి. మళ్లీ నీళ్లు పెట్టగానే గాలి ఆడని ఆ మట్టిలో ఇంకో రకం సూక్ష్మజీవులు ఆ నైట్రేటును విరగ్గొట్టి నత్రజని వాయువుగా, నైట్రస్ ఆక్సైడుగా పైకి తోలేస్తాయి. ఈ నైట్రస్ ఆక్సైడు భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకన్నా 270 రెట్లకు పైగా బలమైనది. గాలికి పోనిది కిందికి దిగి బావుల్లో, బోర్లలో చేరుతుంది. తాగే నీళ్లలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం.

ఇదంతా మట్టి గొడవ. ఇక మొక్కవైపు చూద్దాం. వేరు నత్రజనిని లోపలికి లాక్కోవాలి. లాక్కున్నదాన్ని గ్లూటమిన్ లాంటి అమైనో ఆమ్లాలుగా మార్చుకోవాలి. ఆకుల్లో దాచుకోవాలి. గింజ పాలు పోసుకునే వేళకు ఆకులో దాచింది విప్పి గింజకు పంపాలి. ప్రతి మెట్టు దగ్గరా పదుల కొద్దీ జన్యువులు పనిచేస్తాయి. ఒకచోట వేగం పెంచితే ఇంకోచోట అడ్డం పడుతుంది. అందుకే ఈ పని పురుగును చంపే జన్యువును పత్తిలో పెట్టినంత సులువుగా తెమలలేదు.

ఇంకో చిక్కు మనం చేతులారా తెచ్చుకున్నది. హరిత విప్లవం కాలం నుంచీ మన వరి, గోధుమ రకాలను ఎరువు పుష్కలంగా వేసిన పరిశోధన క్షేత్రాల్లోనే ఎంపిక చేశారు. ఆ పందెంలో నెగ్గినవే విడుదలయ్యాయి. తక్కువ ఎరువులో ఎవరు నెగ్గుతారో చూద్దామని పందెం కట్టినవాళ్లు అరుదు. పైగా ఎరువు ఎక్కువైనా పడిపోకుండా నిలబడాలని రకాలను పొట్టి చేసుకున్నాం. ఆ పొట్టితనాన్ని తెచ్చిన జన్యు మార్పే నత్రజనిని పీల్చే శక్తిని కొంత అణగదొక్కుతోందని 2018లో చైనా శాస్త్రవేత్త షియాంగ్‌డాంగ్ ఫు బృందం నేచర్ పత్రికలో చూపించింది. అంటే ఎరువు ఎక్కువ తట్టుకోవాలని పొట్టి చేశాం, పొట్టి చేసినందుకు ఎరువు ఎక్కువ మేపాల్సి వచ్చింది.

జన్యువులను మార్చి ఈ లోపం దిద్దే ప్రయత్నాల్లో బాగా పేరు వచ్చింది కెనడాది. అల్బర్టా విశ్వవిద్యాలయంలో అలెన్ గుడ్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు బార్లీ నుంచి అలానిన్ అమైనో ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైముకు సంబంధించిన జన్యువును తీసి, అది వేర్లలో గట్టిగా పనిచేసేలా ఆవాల జాతికి చెందిన కనోలాలో పెట్టారు. నత్రజని 40 శాతం తగ్గించినా మామూలు మొక్కతో సమానంగా పండిందని 2007లో ప్రచురించారు. మరుసటి ఏడు వరిలోనూ అదే పని చేసి చూపించారు. కాలిఫోర్నియాకు చెందిన ఆర్కేడియా బయోసైన్సెస్ ఆ హక్కులు తీసుకుంది. మన దేశంలో వరికి మహికో కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఆఫ్రికాలోనూ పొలం పరీక్షలు జరిగాయి. అప్పుడు పత్రికలు రాసిన రాతలు చూస్తే యూరియా ఫ్యాక్టరీలు మూతపడతాయేమో అనిపించేది. ఇరవై ఏళ్లు కావస్తోంది. నత్రజని ఆదా కోసమే జన్యుమార్పిడి చేసిన పంట ఏదీ పెద్ద ఎత్తున రైతు పొలంలోకి దిగలేదు. గాజు ఇంట్లో కుండీలో చూపిన గుణం ఊరూరి నేలల్లో, ఏటేటి వానల్లో ఒకే తీరుగా నిలబడలేదు.

ఇప్పుడు హైదరాబాదుకు వద్దాం. ఈ కథలో మనకు బాగా దగ్గరి భాగం అక్కడే ఉంది.

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ఢిల్లీలో రెండు కొత్త వరి రకాలను ప్రకటించారు. జన్యువును సవరించి తయారు చేసిన వరి రకాల ప్రకటన మన దేశంలో అదే మొదటిసారి. రెండింటికీ మూలం మన ఆంధ్ర విత్తనమే. ఒకటి, మారుటేరులో పుట్టిన ఎం.టి.యు. 1010, అంటే కాటన్‌దొర సన్నాల నుంచి ఢిల్లీలోని ఒక పరిశోధన సంస్థ చేసిన పూసా డి.ఎస్.టి. వరి 1. ఇది ఉప్పు నేలలకూ నీటి ఎద్దడికీ ఉద్దేశించింది. రెండోది బాపట్లలో మొరంరెడ్డి వెంకట రెడ్డి గారు రూపొందించగా 1986లో విడుదలైన బి.పి.టి. 5204, మన సాంబా మసూరి, నుంచి రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ తయారు చేసిన డి.ఆర్.ఆర్. ధాన్ 100. దీనికి కమల అని పేరు పెట్టారు.

బి.పి.టి. గురించి కె.సి. కాలువ రైతులకు నేను చెప్పేది ఏముంది? ప్రొద్దుటూరు, చాపాడు, మైదుకూరు మడుల్లో ఏళ్ల తరబడి పండుతున్నది అదే. సన్న గింజ, తిండికి బాగుంటుంది, మిల్లరు ధర పెడతాడు. దాని అవలక్షణాలూ మీకు తెలిసినవే. పంట కాలం ఎక్కువ. యూరియా ఒక మూట ఎక్కువ పడిందా, అగ్గితెగులు పిలవకుండానే వస్తుంది. దోమ సుళ్లు సుళ్లుగా దిగుతుంది. ఇంకాస్త గాలి తోలితే పైరు పడిపోతుంది.

కమలలో చేసింది చిన్న పని. వరి వెన్ను పుట్టే చోట సైటోకైనిన్ అనే హార్మోను ఎంత ఎక్కువ నిలిస్తే అన్ని ఎక్కువ గింజలు కడతాయి. ఆ హార్మోనును ఎప్పటికప్పుడు విరగ్గొట్టే ఎంజైము ఒకటి ఉంది. దాని పేరు సి.కె.ఎక్స్. 2. ఆ ఎంజైమును తయారు చేసే జన్యువుకూ గింజల సంఖ్యకూ ఉన్న లంకె 2005లోనే జపానులో మొతోయుకి అషికారి బృందం బయటపెట్టింది. హైదరాబాదు శాస్త్రవేత్తలు సతేంద్ర మంగ్రౌథియా, సుందరం, నీరజ తదితరులు క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతిలో సాంబా మసూరిలోని ఆ జన్యువును దెబ్బతీశారు. హార్మోను విరగడం తగ్గింది, వెన్నుకు గింజలు పెరిగాయి. సాంబా మసూరి హెక్టారుకు సగటున 4.5 టన్నులు ఇచ్చిన చోట ఇది 5.37 టన్నులు, అంటే 19 శాతం ఎక్కువ ఇచ్చిందనీ, 20 రోజులు ముందే కోతకు వస్తుందనీ, నత్రజనిని మెరుగ్గా వాడుకుంటుందనీ సంస్థ చెప్పింది. సాగుకు సిఫారసు చేసిన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

ఇది బి.టి. పత్తి లాంటిదేనా అని చాలామంది అడుగుతున్నారు. కాదు. బి.టి. పత్తిలో ఒక సూక్ష్మజీవి జన్యువు తెచ్చి చేర్చారు, అంటే మన పాసుపుస్తకంలోకి ఎక్కడో వేరే ఊరి సర్వే నంబరు వచ్చి చేరినట్టు. కమలలో మన పుస్తకంలోనే ఉన్న ఒక అక్షరాన్ని కొట్టేశారు, బయటిది ఏదీ మిగల్లేదు. అందుకే 2022 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి సవరణలను జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుంచి మినహాయించింది. ఈ మినహాయింపు సరికాదనీ, పరీక్షల లెక్కలన్నీ జనం ముందు పెట్టాలనీ కొన్ని రైతు సంఘాలు, జన్యుమార్పిడిని వ్యతిరేకించే వేదికలు గట్టిగానే అడుగుతున్నాయి. లెక్కలు బయట పెట్టమనడంలో తప్పేమీ లేదు. క్రిస్పర్ పద్ధతి మీద పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి, ఆ ముడి విప్పకుండా విత్తనం బజారుకు రావడం కష్టం. మనకు మేలైన మాట ఒకటుంది. కమల హైబ్రిడ్ కాదు, సూటి రకం. వడ్లు దాచుకుని మరుసటి ఏడు నారు పోసుకోవచ్చు. 2002లో వచ్చిన బి.టి. పత్తి హైబ్రిడ్ల రూపంలో వచ్చి, ఏటేటా విత్తనానికి అంగడి మెట్లు ఎక్కించింది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కమల గురించి వినేటప్పుడు చాలామందికి తట్టనిది ఇదే.

నత్రజనిని మెరుగ్గా వాడుకోవడం అంటే శాస్త్రవేత్త లెక్కలో కిలో నత్రజనికి ఎన్ని కిలోల గింజ అని. వేసిన యూరియా అంతే ఉండి గింజ 19 శాతం పెరిగితే ఆ లెక్క తానంతట తాను మెరుగవుతుంది. రైతు కొనే మూటలు ఒక్కటీ తగ్గవు. రెండో రకం మెరుగుదల ఇంకోటి ఉంది: యూరియా సగానికి తగ్గించినా గింజ తగ్గకపోవడం. ఈ రెండూ ఒకటి కావు. మొదటిది రైతు జేబుకు మంచిది. రెండోది జేబుకూ మంచిదే, బోరు నీళ్లకూ మంచిదే, దేశం దిగుమతి బిల్లుకూ మంచిదే. కాబట్టి కొత్త విత్తనం ఏదైనా మీ ముందుకు వచ్చినప్పుడు ఎకరాకు ఎన్ని బస్తాలు పండుతుందని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. యూరియా సగం వేసిన మడిలో ఎన్ని బస్తాలు పండిందో అడగండి. ఆ అంకె చెప్పలేకపోతే, నత్రజని మాట ప్రచారం కిందే లెక్క.

ఢిల్లీలోని ఇంద్రప్రస్థ విశ్వవిద్యాలయంలో నందుల రఘురామ్ లాంటివాళ్లు ఏళ్లుగా ఈ పనే చేస్తున్నారు. ఉన్న రకాల్లోనే తక్కువ నత్రజనికి ఏది నిలబడుతుందో, ఏది చతికిలబడుతుందో విడదీసి, వాటి జన్యువుల తేడా వెతుకుతున్నారు. ఇందులో పేపర్లో మొదటి పేజీకి ఎక్కే హడావుడి లేదు. నా మట్టుకు నాకు దీని మీదే నమ్మకం ఎక్కువ.

ఇక జమ్మలమడుగు దారి పడదాం. మైలవరం, పెద్దముడియం, ఇటు ప్రొద్దుటూరు వైపు రాజుపాళెం, ఇదంతా నల్లరేగడి. అక్టోబరు, నవంబరులో తడి ఉండగా బుడ్డ శనగ విత్తితే, వాన పడినా పడకపోయినా నేలలో దాగిన చెమ్మతోనే పంట చేతికొస్తుంది. ప్రపంచంలో పెద్ద పెద్ద ప్రయోగశాలలు వరికీ గోధుమకూ నేర్పించాలని కోట్లు ఖర్చు పెడుతున్న విద్య ఈ శనగ మొక్క పుట్టుకతోనే తెచ్చుకుంది.

నమ్మకం లేకపోతే పైరు నలభై రోజులప్పుడు ఒక మొక్కను తీసి చూడండి. లాగొద్దు. లాగితే చూడాల్సింది మట్టిలోనే తెగిపోతుంది. పారతో మొదలు చుట్టూ పెళ్లగించి, మట్టి బెడ్డతో సహా ఎత్తి, బకెట్ నీళ్లలో నానబెట్టండి. రేగడి కదా, వదలడానికి కాసేపు పడుతుంది. మట్టి కరిగిపోయాక తల్లివేరు పై భాగాన గుత్తులు గుత్తులుగా బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చండి. లోపల లేత ఎరుపు రంగు ఉందంటే బుడిపె పనిచేస్తున్నట్టు. ఆకుపచ్చగానో బూడిద రంగులోనో ఉంటే దాని పని అయిపోయినట్టు. తెల్లగా ఉంటే ఇంకా మొదలే కాలేదు.

ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్‌ది. మన నెత్తుటిలో ఉండే హిమోగ్లోబిన్ జాతిదే. ఎందుకు కావాల్సి వచ్చిందంటే, గాలిలోని నత్రజనిని పట్టే నైట్రోజినేజ్ అనే ఎంజైముకు ప్రాణవాయువు తగిలితే చచ్చిపోతుంది. బుడిపెలో కాపురం ఉండే రైజోబియం సూక్ష్మజీవికి మాత్రం ఊపిరికి ప్రాణవాయువు కావాలి. ఆ రెంటికీ పొత్తు కుదిర్చి, ప్రాణవాయువును అవసరమైనంతే అందించేది ఈ ఎర్ర పదార్థం. మొక్క చక్కెర పెడుతుంది, సూక్ష్మజీవి నత్రజని ఇస్తుంది. యూరియా ఫ్యాక్టరీలో నాలుగైదు వందల డిగ్రీల వేడి, వందకు పైగా రెట్ల గాలి ఒత్తిడి పెట్టి చేసే పని పెద్దముడియం చేలో చలికాలం పొద్దున చప్పుడు కాకుండా జరిగిపోతుంది.

దీన్ని ధాన్యపు పంటలకు తేవాలని కేంబ్రిడ్జిలో జైల్స్ ఓల్డ్‌రాయిడ్ బృందం చాలా ఏళ్లు కష్టపడింది. వేరు తన దగ్గరికి వచ్చిన సూక్ష్మజీవి మిత్రుడా శత్రువా అని పోల్చుకునే గ్రాహకంలో రెండే రెండు అమైనో ఆమ్లాలు మారిస్తే శత్రువును తరిమే గ్రాహకం మిత్రుడికి తలుపు తీసేదిగా మారుతుందని డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయం వాళ్లు 2025లో చూపించారు. చెనక్కాయ మీద కూడా శాస్త్రవేత్తలకు కన్నుంది. శనగలో సూక్ష్మజీవి వేరు రోమాల గుండా దూరితే, చెనక్కాయలో పక్క వేర్లు పుట్టేచోట ఏర్పడే పగుళ్లలోంచి దూరుతుంది. ఇది కాస్త సులువైన దారి. వరికి నేర్పాలంటే ఈ దారే నయమని కొందరి ఆలోచన. అయినా బుడిపె కట్టి నత్రజని పట్టే వరి మన మడికి వచ్చేసరికి ఇప్పుడు బడికి పోయే పిల్లలు సేద్యగాళ్లయి ఉంటారు. అంతకన్నా ముందే వస్తుందని ఎవరైనా అంటే నేను నమ్మను.

ఈలోగా ఉన్నదాన్ని పాడు చేసుకోకుండా ఉంటే చాలు. శనగకు ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం సిఫారసు. 50 కిలోల డి.ఏ.పి. మూట ఒక్కటి దుక్కిలో పడితే 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం వచ్చేస్తాయి. లెక్క సరి. ఆ పైన పైరు పచ్చబడాలని యూరియా చల్లితే బుడిపెలు కట్టడం తగ్గిపోతుంది. ఉచితంగా దొరికినప్పుడు ఏ మొక్కయినా చక్కెర ఖర్చు పెట్టి సూక్ష్మజీవిని ఎందుకు సాకుతుంది? రైజోబియం కల్చరు ఎప్పుడూ వాడని చేలో ఒకసారి విత్తనానికి పట్టించి చూడండి. మందు పట్టించాల్సి ఉంటే మందు ముందు, కల్చరు తర్వాత. ఆరబెట్టడం నీడలోనే.

జమ్మలమడుగు రేగడిలో ఇంకో పంట ఉండేది. జొన్న. 1999లో జె.జి. 11 శనగ వచ్చి, రేటు బాగా పలికి, జొన్న చేలన్నీ చూస్తుండగానే శనగ చేలయిపోయాయి. ఆ జొన్న వేరుకు ఒక గుణం ఉంది. వేరు రోమాల నుంచి సోర్గోలియోన్ అనే నూనె లాంటి పదార్థం ఊరుతుంది. ఇది మట్టిలోని నైట్రోసోమోనాస్‌ను అణచివేస్తుంది. అది అణిగితే అమ్మోనియా నైట్రేటుగా మారడం నెమ్మదిస్తుంది. అమ్మోనియం రేగడి మట్టి రేణువులను పట్టుకుని అక్కడే ఉంటుంది, నీళ్లతో కొట్టుకుపోదు. అంటే జొన్న మొక్క తన నత్రజనికి తానే కాపలా కాసుకుంటుంది.

ఈ గుణాన్ని ప్రపంచానికి చాటింది పేరులోనే గుంటూరు ఉన్న శాస్త్రవేత్త, గుంటూరు వెంకట సుబ్బారావు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో కంది మీద పనిచేసి, తర్వాత జపానులోని జిర్కాస్ సంస్థకు వెళ్లారు. పశువుల గడ్డి బ్రాకియేరియాలో, జొన్నలో ఈ కాపలా పనిచేసే తీరును ఆయన బృందం తేల్చింది. 2021లో ఇసుక నేలల్లో పెరిగే ఒక అడవి గడ్డి నుంచి ఈ గుణమున్న క్రోమోజోము ముక్కను గోధుమలోకి తెచ్చారు. అదీ జన్యుమార్పిడితో కాదు, దూరపు చుట్టరికం ఉన్న జాతులను సంకరం చేసే పాత పద్ధతిలోనే. మెక్సికోలోని సిమిట్ సంస్థ తోడ్పడింది. ప్రయోగశాలలో జన్యువును కోయడం ఒక్కటే దారి కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. శనగ తర్వాత శనగ వేసి ఎండుతెగులుతో వేగుతున్న రైతు, మూడేళ్లకు ఒకసారి అదే చేలో పచ్చజొన్న వేస్తే ఆ జొన్న వేరు చేసే పనికి విత్తనం కంపెనీకి రూపాయి కట్టక్కర్లేదు. పైగా పశువులకు సొప్ప.

పులివెందుల సంగతి వేరు. అక్కడ చిత్రావతి నీళ్లు, డ్రిప్పు పైపులు, జి-9 అరటి, చీనీ తోటలు. నత్రజని ఆదా చేసే అరటి అని ఎవరూ తయారు చేయడం లేదు. అరటికి జన్యుమార్పిడి వస్తే అది వేరే కారణానికి వస్తుంది. పనామా తెగులును తట్టుకునే జన్యుమార్పిడి అరటికి 2024లో ఆస్ట్రేలియా అనుమతి ఇచ్చింది. గింజ కట్టని చెట్టు కాబట్టి అరటిలో కొత్త గుణం తేవాలంటే సంకరం చేయడం మహా కష్టం. అక్కడ జన్యు పద్ధతులకు పని ఎక్కువ. నత్రజని వరకు మాత్రం డ్రిప్పు ఉన్న రైతు చేతిలోనే కీలకం ఉంది. నీళ్లతో కలిపి కొంచెం కొంచెంగా, చెట్టు అడిగినప్పుడు అడిగినంత ఇవ్వగలిగిన రైతుకు ఏ జన్యువూ ఇవ్వలేని పొదుపు ఇప్పటికే దొరికింది. ఎరువు పంపాక గంటల తరబడి ఉత్త నీళ్లు వదిలితే మాత్రం ఆ పొదుపు వేరు దాటి కిందికి పోతుంది.

అదే పులివెందులలో 2022లో ఇండో-జర్మన్ అకాడమీ మొదలైంది. ప్రకృతి సేద్యం మీద పరిశోధనకు పెట్టిన సంస్థ అది. వాళ్ల దృష్టిలో యూరియాను పొదుపుగా వాడే మొక్క ఎందుకు, యూరియానే లేని సేద్యం ఉండగా? వాన రాకముందే నవధాన్యాలు చల్లి, నేలను ఖాళీగా ఉంచకుండా చూసుకోవాలని వాళ్ల పద్ధతి. ఆ విత్తనాల్లో పప్పుజాతి ఉంటుంది కాబట్టి నత్రజని వస్తుంది, అందులో సందేహం లేదు. కానీ లారీల కొద్దీ అరటి గెలలు, చీనీ కాయలు ఊరు దాటిపోతున్నప్పుడు వాటితోపాటు పోయే పోషకాలకు బదులు ఎంత వస్తోందో తూకం వేసి చూడాలి. జన్యువుల వాళ్లనూ ప్రకృతి సేద్యం వాళ్లనూ నేను అడిగేది ఒకటే, తూకం. మాటల్లో గెలిచినవాళ్లు ఇద్దరి వైపూ కావలసినంత మంది ఉన్నారు.

చివరగా డబ్బు మాట. 266 రూపాయలకు దొరికే మూటను పొదుపు చేయడానికి రైతు ఎందుకు కష్టపడాలి? అసలు ఖర్చు అంతకు ఎన్నో రెట్లు, ప్రభుత్వం భరిస్తోంది కాబట్టి మన కంటికి కనపడదు. 2025 సెప్టెంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, యూరియా తగ్గించే రైతులకు తగ్గించిన ప్రతి బస్తాకు 800 రూపాయలు ఇస్తామని చెప్పారు. అది లెక్క ప్రకారం చేతికి అందితే, తక్కువ నత్రజనికి పండే విత్తనం కోసం రైతే వెతుక్కుంటూ వస్తాడు. అందకపోతే కమల వచ్చినా ఇంకో పువ్వు వచ్చినా, పాత అలవాటుగా ఇంకో మూట పడుతూనే ఉంటుంది.

కె.సి. కాలువ కింద ఈ కారులో చేయగల పని ఒకటి చెప్పి ముగిస్తాను. యూరియా చల్లే ముందు రోజు మడిలో నీళ్లు తీసేయండి. బురద పదును మీద, సాయంత్రం పూట చల్లండి. మరుసటి రోజు, లేదా ఆ మరుసటి రోజు పలచగా నీళ్లు పెట్టండి. ఒక కయ్యలో మాత్రం ఇదే పద్ధతిలో మూడో దఫా యూరియా సగమే వేసి, గట్టున ఒక కర్ర పాతండి. కోతలప్పుడు ఆ కయ్య వడ్లు కలపకుండా విడిగా తూకం వేయించండి. కమల మినీకిట్లు మన ఆయకట్టుకు వచ్చిన రోజున పోల్చి చూడటానికి మీ దగ్గర మీ మడి లెక్క ఉంటుంది.